హారిస్ పార్కులో హారిస్ ఎవరు?

తెనాలి

చిరంజీవి బుజ్జికి,

నువ్వు "మేం ఉండే హారిస్ పార్కులో ఆ హారిస్ ఎవరు తాతయ్యా?" అని అడిగి, రైలొచ్చిందంటూ ఫోను పెట్టేశావు. ఫోనులో చెప్పే సంగతి కాదులే. సిడ్నీలో మీ అత్త దగ్గర ఉన్నన్నాళ్లూ పారమట్టా లైబ్రరీలో కూర్చుని నేను చదివింది అతని గురించే. జీవితమంతా కోర్టు ఫైళ్లు తిరగేసినవాడికి పరాయి ఊళ్లో పాత దస్తావేజులు దొరికితే ఇంకేం కావాలి?

అతని పేరు జాన్ హారిస్. సైన్యంలో సర్జన్. తర్వాత మేజిస్ట్రేటు, పోలీసుల పెద్ద, రేవు అధికారి, భూస్వామి, బ్యాంకు డైరెక్టరు. పొద్దున్నే నువ్వు రైలెక్కే హారిస్ పార్కుకు అతని పేరే పెట్టారు. సెంట్రల్లో దిగి నడిచి వెళ్తావే, నీ యూనివర్సిటీ ఉన్న అల్టిమో, అది కూడా అతని ఎస్టేటే. పడుకునేది ఒక హారిస్ పొలంలో, చదువుకునేది ఇంకో హారిస్ పొలంలో. ఇంటద్దె మాత్రం వేరేవాళ్లకి కడుతున్నావు!

ఐర్లండులో మనీమోర్ అనే చిన్న ఊరు అతనిది. 1754లో పుట్టాడు. వైద్యం చదువుకుని నౌకాదళంలో చేరి చాలా ఏళ్లు మన దేశంలోనే పనిచేశాడు. 1789 చివర న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే కొత్త పటాలంలో వైద్య సహాయకుడిగా కుదిరాడు. ఆ పటాలం పని సిడ్నీలో ఖైదీల వలసకు కాపలా కాయడం. 1790 జూన్‌లో సెకండ్ ఫ్లీట్ ఓడలతోపాటు వచ్చి దిగాడు.

ఆ ఓడల గురించి నువ్వు తెలుసుకోవాలి, నీ చదువు పబ్లిక్ హెల్త్ కాబట్టి. నెప్ట్యూన్, సర్‌ప్రైజ్, స్కార్‌బరో అనే మూడు ఓడల్లో సుమారు వెయ్యిమంది ఖైదీలను ఎక్కించారు. వాళ్లలో నాలుగో వంతు దారిలోనే చనిపోయారు. దిగినవాళ్లలో కూడా చాలామంది లేచి నడవలేని స్థితిలో దిగారు. కారణం తుఫానూ కాదు, కొత్త రోగమూ కాదు. కాంట్రాక్టు. అంతకు ముందు బానిసల వ్యాపారం చేసిన కంపెనీకి పని అప్పగించి, ఓడ ఎక్కిన తలకు 17 పౌండ్ల చిల్లర లెక్కన డబ్బిచ్చారు. దిగిన తలకు కాదు, ఎక్కిన తలకు! మనిషి చచ్చిపోతే వాడి తిండి మిగులుతుంది, దాన్ని రేవులో అమ్ముకోవచ్చు. ఒప్పందంలో ఒక్క షరతు తేడాగా రాస్తే ఎంతమంది ప్రాణాలు పోతాయో చూపించడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. మీ క్లాసులో దీన్ని పాఠంగా చెప్పకపోతే మీ మాస్టారిని అడుగు.

ఇక భూమి సంగతి. మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో రూస్ స్ట్రీట్ ఉంది, అందులో ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజ్ అని పాత ఇల్లొకటి ఉంది. జేమ్స్ రూస్ ఒక ఖైదీ, సేద్యం తెలిసినవాడు. తెచ్చుకున్న తిండి నిల్వలు అయిపోతూ వలసంతా ఆకలికి మాడుతున్న రోజుల్లో, గవర్నర్ ఫిలిప్ 1789లో ఇతనికి కొంచెం భూమి అప్పగించి ఒక పరీక్ష పెట్టాడు. ఒక కుటుంబం సర్కారు తిండి లేకుండా ఆ మట్టి మీద బతకగలదా, లేదా? రూస్ చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదను మట్టిలో కలిపి తవ్వి, గోధుమ, మొక్కజొన్న వేశాడు. 1791 కల్లా తనకూ భార్యకూ తిండి తానే సంపాదించుకుంటానని చెప్పగలిగాడు. మాట ప్రకారం 30 ఎకరాలు రాసిచ్చారు. ఆ వలసలో మొదటి భూమి పట్టా అదే.

ఎంతో కాలం కాకుండానే, 1793లో, రూస్ ఆ ముప్ఫై ఎకరాలను 40 పౌండ్లకు అమ్మేశాడు. కొన్నది మన డాక్టరు. రూస్ హాక్స్‌బరీ నది ఒడ్డుకు పోయాడు, వరదలకు నష్టపోయాడు, ముసలితనంలో ఇంకొకరి పొలంలో పనివాళ్ల మీద మేస్త్రీగా బతికి 1837లో పోయాడు. హారిస్ మరుసటి సంవత్సరం, 1838లో, పెద్ద జమీందారుగా పోయాడు. బూడిద కలిపి మట్టిని పొలం చేసినవాడి పేరు అక్కడ ఒక వీధికి మిగిలింది. కొన్నవాడి పేరు ఊరికి మిగిలింది. మన జిల్లాలో కూడా ఊళ్ల పేర్లు ఇలాగే ఏర్పడ్డాయి కాబట్టి ఆస్ట్రేలియావాళ్లను మనం ప్రత్యేకంగా తప్పుపట్టనక్కర్లేదు.

డాక్టరు జడ్జి ఎలా అయ్యాడని నీకు సందేహం రావాలి. అక్కడ అది వింత కాదు. 1787లో రాజుగారిచ్చిన చార్టరు ప్రకారం సిడ్నీ క్రిమినల్ కోర్టు అంటే జడ్జి అడ్వకేటు ఒకడు, యూనిఫారం వేసుకున్న అధికారులు ఆరుగురు. జ్యూరీ లేదు. మొదటి జడ్జి అడ్వకేటు డేవిడ్ కాలిన్స్ నౌకా సైనికుడు. తర్వాత చాలాకాలం ఆ కుర్చీలో ఉన్న రిచర్డ్ అట్కిన్స్‌కు లా తెలియదు, మందు మాత్రం బాగా తెలుసు. చదవను రాయను వచ్చి, ఖైదీ కానివాడు, సర్కారుకు నమ్మకస్తుడు అయితే చాలు, వాడికి న్యాయం చెప్పే పని కూడా తగిలించేవారు. నవ్వకు. 1816 నుంచి మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా శిస్తు వసూలు చేసే కలెక్టరే మేజిస్ట్రేటు, పోలీసులూ అతని కిందే. ఆ ముడి దేశమంతటా తెగడానికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రావాల్సి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ముసలి ప్లీడర్లు దాని గురించే గొడవ పడుతుండేవారు.

1800లో వచ్చిన గవర్నర్ కింగ్‌కు హారిస్ మీద గురి కుదిరింది. అతన్ని మేజిస్ట్రేటును చేశాడు, పోలీసు వ్యవహారాలు అప్పగించాడు, తర్వాత రేవులో ఓడల సుంకాల పని కూడా ఇచ్చాడు. పటాలానికి సర్జన్‌గా ఉంటూనే ఇవన్నీ చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి, బుజ్జీ. ఆ రోజుల్లో శిక్ష అంటే ప్రధానంగా కొరడా. వంద దెబ్బలు, రెండు వందలు, ఒక్కోసారి అంతకు మించి. సైన్యంలో కొరడా శిక్ష అమలు చేసేటప్పుడు పక్కన సర్జన్ ఉండి తీరాలి. అతని పని గాయానికి మందు వేయడం కాదు, అది తర్వాత. నాడి పట్టుకుని ఇంకా కొట్టొచ్చో ఆపాలో చెప్పడం. ఆపమంటే మాఫీ అయిపోయినట్టు కాదు. కొన్నిచోట్ల వీపు మానాక మిగతా దెబ్బలు కొట్టేవారు. అంటే ఆ వీపును మాన్పేది కూడా మిగతా దెబ్బల కోసమే.

నువ్వు పళ్ల డాక్టరువి, ఎవరికీ కొరడా దెబ్బలు లెక్కపెట్టక్కర్లేదు. కానీ రేపు ఏ జైలు ఆసుపత్రిలోనో, శరణార్థుల శిబిరంలోనో, ఇన్సూరెన్సు కంపెనీ టేబులు ముందో కూర్చున్నప్పుడు, ఎదురుగా ఉన్న మనిషి నీ పేషెంటా, లేక నీకు జీతమిచ్చేవాడు పంపిన ఫైలా అన్న ప్రశ్న వస్తుంది. హారిస్‌లాంటివాడికి ఆ ప్రశ్న వచ్చే సందే లేదు. పొద్దున బెంచి మీద కూర్చుని శిక్ష రాసేవాడూ, మధ్యాహ్నం నాడి చూసేవాడూ ఒకడే అయినప్పుడు ఎవరు ఎవరిని అడ్డుకుంటారు? అతను క్రూరుడని నేననడం లేదు. ఆ కాలపు మేజిస్ట్రేట్లలో పారమట్టా పాస్టరు శామ్యూల్ మార్స్‌డెన్‌కు వచ్చినంత చెడ్డపేరు ఇతనికి రాలేదు. కానీ మంచివాడా చెడ్డవాడా అన్నదాని కన్నా, అన్ని కుర్చీల్లోనూ ఒకడే ఎందుకున్నాడు అన్నది నాకు పెద్ద ప్రశ్న.

ఇప్పుడు అల్టిమో కథ. దీన్ని మా కోర్టు గుమస్తాలందరికీ చెప్పాలనిపించింది నాకు. న్యూ సౌత్ వేల్స్ కోర్ అధికారులకు అసలు ఆదాయం రమ్ము వ్యాపారం. వచ్చిన ఓడలో సరుకంతా గుత్తకు కొనేసి, ఇష్టమొచ్చిన ధరకు అమ్మేవారు. కింగ్ దాన్ని అణచాలని చూశాడు. రేవులో గవర్నర్ పక్షాన నిలబడ్డవాడు హారిస్. సొంత పటాలంవాళ్లే పగబట్టారు. గవర్నర్‌ను ఎగతాళి చేస్తూ రాతలు బయల్దేరాయి, ఒకరి మీద ఒకరు కోర్టు మార్షళ్లు పెట్టుకున్నారు. ఆ గొడవల్లోనే అధికారికి తగని ప్రవర్తన అంటూ హారిస్‌ను బోనెక్కించారు. తీరా చూస్తే అభియోగ పత్రంలో తేదీ తప్పు. నేరం ఈ నెలలో జరిగిందని రాయాల్సినచోట గుమస్తా "అల్టిమో" అని రాశాడు, అంటే గడిచిన నెలలో అని. కేసు కొట్టేశారు. 1803లో సిడ్నీ ఊరి పక్కన 34 ఎకరాలు చేతికొచ్చినప్పుడు, ఆ గుమస్తా పొరపాటునే ఎస్టేటుకు పేరుగా పెట్టుకున్నాడు మహానుభావుడు. శత్రువులు రోజూ ఆ పేరు పలకాలన్నమాట. అతని హాస్యం నాకు నచ్చింది, దాచుకోను.

మన చట్టంలో అలా కుదరదు. పాత కోడ్ 215వ సెక్షను ప్రకారం, అభియోగంలో పొరపాటు దొర్లితే అది ముద్దాయిని తప్పుదారి పట్టించి, న్యాయానికి భంగం కలిగించినప్పుడే లెక్క. ఉత్త తేదీ తప్పుకు ఎవరూ బయటపడరు. అయినా పెద్దమనుషులకు చిన్న తప్పులు ఎలా కలిసొస్తాయో నేను కళ్లారా చూశాను. కూలివాడి కేసులో అదే తప్పును కరెక్షన్ పిటిషనుతో సరిచేసేస్తారు.

అదే కాలంలో ఆ చుట్టుపక్కలే ఇంకొక మనిషి ఉన్నాడు. పెముల్వుయ్. బిజిగల్ తెగవాడు. తమ నేల మీద పొలాలు వేసుకుంటూ పోతున్న తెల్లవాళ్ల మీద పన్నెండేళ్లు పోరాడాడు. 1797లో వంద మంది దాకా మనుషుల్ని వెంటబెట్టుకుని పారమట్టా ఊళ్లోకే వచ్చాడు. తుపాకి గుళ్లు తగిలి పడిపోయి కూడా బతికాడు. 1801లో కింగ్ ఇతన్ని చట్టం వెలుపలివాడిగా ప్రకటించి తలకు బహుమతి పెట్టాడు. 1802 జూన్‌లో కాల్చి చంపారు. తల నరికి, సారాలో నిల్వచేసి ఇంగ్లండుకు, శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపారు. ఆ తల ఇప్పటికీ దొరకలేదు. ఆ ఏడాదో, మరుసటి ఏడాదో హారిస్‌కు అభియోగ పత్రం ఇచ్చారు, తేదీలు సరిచూశారు, తప్పు దొరికితే వదిలేశారు. పెముల్వుయ్‌కు ఏ తేదీ వేసిన కాగితమూ ఇవ్వలేదు. ఒకే గవర్నర్, ఒకే చట్టం.

మనవాళ్లు సెంటు స్థలం కొనాలన్నా లింకు డాక్యుమెంట్లు అడుగుతారు కదా. నేనూ హారిస్ పార్కు లింకులు వెనక్కి వెతుక్కుంటూ పోయాను. ఈనాటి ఫ్లాట్ల యజమానులకు ఎస్టేటు ముక్కలు కొన్నవాళ్ల నుంచి వచ్చింది. వాళ్లకు హారిస్ నుంచి. హారిస్‌కు రూస్ నుంచి, 40 పౌండ్లకు, పక్కా కాగితం. రూస్‌కు గవర్నర్ ఫిలిప్ నుంచి. ఫిలిప్‌కు? అక్కడ లింకు తెగిపోయింది. పారమట్టా అనే పేరే బురమట్టగల్ వాళ్ల నుంచి వచ్చింది. ఆ నదిలో మలుగు పాములు పట్టుకుంటూ, ఆ గట్లమీద బతికిన జనం వాళ్లు. అల్టిమో వైపు గాడిగల్ వాళ్లు. వాళ్లు అమ్మలేదు, రాసివ్వలేదు, ఓడిపోయి ఒప్పందమూ చేసుకోలేదు. సివిల్ కేసులో ముఖ్యమైన పార్టీని చేర్చకుండా డిక్రీ తెచ్చుకుంటే ఆ డిక్రీ అప్పీలులో నిలబడదు. ఇక్కడ ఆ పార్టీని చేర్చకుండానే రెండు వందల ఏళ్లు రిజిస్ట్రేషన్లు నడిచాయి.

ఆ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు చివరికి 1992లో మాబో కేసులో కొట్టేసింది. అయితే అదే తీర్పులో మెలిక ఉంది. సర్కారు ఒకసారి పూర్తి హక్కుతో ఎవరికైనా రాసిచ్చేసిన భూమిలో ఆదివాసుల హక్కు ఆరిపోయినట్టే. అంటే రూస్ పట్టా నిలిచింది, హారిస్ కొనుగోలు నిలిచింది. న్యాయం వచ్చింది, ఆస్తి రాలేదు. తీర్పు చదివి నేను రెండు రోజులు సరిగా భోంచేయలేదని మీ అత్త ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అసలు కారణం ఆవిడ చేసిన పాస్తా.

మిగతా జీవితం గబగబా చెప్పేస్తాను. తర్వాతి గవర్నర్ బ్లై ఇతని పదవులు ఊడబీకాడు. దాంతో రమ్ము వ్యాపారుల శత్రువైన మన డాక్టరు, 1808 జనవరి 26న ఆ రమ్ము పటాలమే బ్లైని పట్టుకుని గద్దె దించినప్పుడు వాళ్ల వైపే చేరాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. కొద్ది రోజులకు ఆ తిరుగుబాటు వెనకున్న మెకార్థర్‌తోనూ చెడింది. ఇంగ్లండు వెళ్లి, 1811లో తిరుగుబాటు నాయకుడు జాన్‌స్టన్ విచారణలో సాక్ష్యం చెప్పాడు. పెళ్లి చేసుకుని, యూనిఫారం విడిచి, 1814లో మామూలు వలసదారుగా తిరిగొచ్చాడు. 1818లో అరవై దాటిన వయసులో సర్వేయరు ఆక్స్‌లీ వెంట లోతట్టు దేశం చూడటానికి బయల్దేరాడు. అతని పేరుతో అక్కడ ఒక కొండ కూడా ఉంది. ఓపిక ఉన్న మనిషి, ఒప్పుకోవాలి. మళ్లీ మేజిస్ట్రేటు కూడా అయ్యాడు.

1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ పెట్టినప్పుడు మొదటి ఏడుగురు డైరెక్టర్లలో ముగ్గురు సర్జన్లే. హారిస్, విలియమ్ రెడ్‌ఫర్న్, డార్సీ వెంట్‌వర్త్. ఆ బ్యాంకే నేటి వెస్ట్‌పాక్. నీ పార్ట్ టైమ్ డబ్బులు పడే ఖాతా అందులోనే ఉందని విన్నాను.

వెంట్‌వర్త్ పేరు విని మీ అత్త ఉలిక్కిపడుతుంది చూడు, ఆవిడ ఉండే వెంట్‌వర్త్‌విల్ ఆయన పేరు మీదదే. ఇంగ్లండులో దారిదోపిడీ కేసుల్లో విచారణకు నిలబడి, విడుదలై, సర్జన్‌గా సిడ్నీ వచ్చాడు. తర్వాత సిడ్నీ పోలీసులకు పెద్ద, మేజిస్ట్రేటు! 1810లో సర్కారుకు ఆసుపత్రి కట్టివ్వడానికి ఒప్పుకుని, బదులుగా 45,000 గ్యాలన్ల రమ్ము దిగుమతికి అనుమతి తెచ్చుకున్న ముగ్గురిలో ఆయనొకడు. ఆ లెక్క తర్వాత 60,000కు పెరిగింది. రోగులకు పడకలు, ఊరికి మత్తు, ఒకే కాంట్రాక్టులో. మన తెలుగువాళ్లు పులిహోరలూ బతుకమ్మలూ చేసుకుంటున్న ఆ రెండు పేటలూ ఈ డాక్టర్-మేజిస్ట్రేట్ల పేర్లతోనే ఉన్నాయన్నమాట.

అన్నట్టు, అల్టిమోలో చుక్కల దుప్పులు తిరిగేవట. మన దేశం నుంచి హారిస్ తెప్పించుకున్నవే. ఆ కాలంలో ఇక్కడి నుంచి అక్కడికి దిగినవాటిలో అవీ ఉన్నాయి. మేత దొరికింది, మందగా పెరిగాయి, ఎవరూ వీసా అడగలేదు. అతని పెద్ద ఇల్లు తర్వాత టెక్నికల్ కాలేజీ చేతికి పోయింది, 1930లలో పడగొట్టేశారు. హారిస్‌కు పిల్లలు లేరు. ఎస్టేటు అన్నదమ్ముల వారసులకు పోయి ముక్కలైంది.

ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజ్ మాత్రం ఉంది. 1830లలో హారిస్ కట్టించినది, చుట్టూ వరండాతో అచ్చం మన పాత కలెక్టరు బంగళాలా ఉంటుంది. నేషనల్ ట్రస్టువాళ్లు మ్యూజియంగా నడుపుతున్నారు. విగ్రమ్ స్ట్రీట్‌లో దోసె తిని నడిచి వెళ్లొచ్చు. టికెట్టు ఉంటుంది, వెళ్లే ముందు తెరిచే రోజులు చూసుకో, నేను ఒకసారి మూసిన గేటు చూసి తిరిగొచ్చాను. లోపల కుర్చీలూ బల్లలూ చూపిస్తారు. అవి చూడు, కాదనను. కానీ గైడును మూడు సంగతులు అడుగు. రూస్‌కు ముందు ఇక్కడ ఎవరుండేవారు? రూస్ ఎందుకు అమ్ముకున్నాడు? హారిస్ మేజిస్ట్రేటుగా రాసిన శిక్షల రికార్డు ఎక్కడ దొరుకుతుంది? మర్యాదగా అడుగు, వాళ్లు జీతం లేకుండా పనిచేసే పెద్దవాళ్లు అయ్యుంటారు. చివరి ప్రశ్నకు జవాబు దొరికితే నాకు వెంటనే రాయి, రాష్ట్ర దస్తావేజుల కార్యాలయానికి ఉత్తరం నేను పెడతాను.

మీ నాన్న అడగమన్నాడు, చలికి దుప్పటి కొన్నావా? అప్పు అడగడానికి మొహమాటపడకు, అత్త ఉంది. రాత్రి పనినుంచి వచ్చేటప్పుడు స్టేషన్ దగ్గర ఒంటరిగా ఆగకు. గోంగూర పచ్చడి వచ్చే నెల అటు వచ్చేవాళ్ల చేత పంపుతాం, విమానాశ్రయంలో డిక్లేర్ చేయమని వాళ్లకు గట్టిగా చెప్పాను.

ఆ మ్యూజియంలో 1791 నాటి పట్టా నకలేదైనా గోడకు పెట్టి ఉంటే ఫోటో తీసి పంపు. కింద సంతకాలూ సాక్షుల పేర్లూ స్పష్టంగా పడాలి. నా కళ్లద్దాల నంబరు మళ్లీ పెరిగింది.

నీ
తాతయ్య